తెరచాప గుడ్డ కార్సెట్

ఫ్రాంక్లిన్,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మా,

నీ కూతురు లియోనీ ఇక్కణ్ణుంచే నీ మెడ చుట్టూ చేతులేసి రాస్తోంది. నేనూ తాతయ్యా స్ప్రాట్‌గాడూ బాగున్నాం. నీకూ మీ పడవలో అందరికీ ఒంట్లో బాగుందనీ, సముద్రం మిమ్మల్ని మరీ ఎగరేసి కొట్టట్లేదనీ అనుకుంటున్నాను.

"బాగున్నాం" అని రాసేశాను చూడు. చెయ్యి అలవాటుగా రాసేసింది. కొట్టేద్దామనుకున్నాను కానీ, కొట్టేస్తే నువ్వు కాగితాన్ని వెలుతురుకి పెట్టి మరీ చదువుతావు. అందుకే అలాగే ఉంచేస్తున్నాను.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. కవరంతా రొయ్యల వాసన. నేను తెరిచేలోపు స్ప్రాట్ ఒక మూల నాకేశాడు. నువ్వడిగినవాటికి వరసగా చెప్తాను. తాతయ్య గుండె మాత్రలు వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితే. లేకపోతే పూలకుండీలో పారేస్తాడు. ఆ కుండీలో జెరేనియం మాత్రం దివ్యంగా ఉంది. ఇంటి వెనక ఆపిల్ చెట్లు పూతకొచ్చాయి, ఈ యేడు తెల్లగా విరగబూశాయి. స్ప్రాట్ పోస్టాయన్ని కరవడం మానేశాడు, ఇప్పుడు సైకిల్ని కరుస్తున్నాడు. లెక్కల్లో మార్కులు పర్వాలేదు. ఆల్చిప్పల మాంసం కూరిన రొట్టె కాల్చడం నేర్చుకున్నాను, కింద మాడింది, తాతయ్య మాత్రం గిన్నె గీకి మరీ తిన్నాడు.

అన్నిటికన్నా కింద, వేరే రంగు పెన్నుతో రాశావు: "బ్రేస్ వేసుకుంటున్నావు కదూ? స్నానానికి తప్ప తియ్యట్లేదు కదూ?" అని.

దానికి ఒక్క ముక్కలో జవాబు రాయచ్చు. రాయలేకపోతున్నాను. కాస్త ఓపిక పట్టి చదవమ్మా, మధ్యలో పక్కన పెట్టకు. రేడియో ఫోన్‌లో చెప్దామా అనుకున్నాను. కానీ ఉత్తరాన మీ గల్ఫ్ సముద్రంలో ఉన్న రొయ్యల పడవలన్నీ చెవులు రిక్కించి వింటాయని నువ్వే అన్నావు. ఇది మనిద్దరమే వినాల్సిన మాట. ఇంకో సంగతి. హోబర్ట్ ఆసుపత్రి నుంచి నీకో కాగితం వస్తుంది, సంతకం పెట్టమని. ఈ ఉత్తరం పూర్తిగా చదవకుండా దాని మీద సంతకం పెట్టకు.

మార్చిలో నువ్వు వెళ్ళే రోజు పొద్దున వంటింట్లో నన్ను గోడవైపు తిప్పి నిలబెట్టి, నా వెన్ను వంగకుండా పట్టే ఆ ప్లాస్టిక్ బ్రేస్ పట్టీలు బిగించడం తాతయ్యకి నేర్పించావు గుర్తుందా? ముందు "ఊపిరి వదులు" అనాలి, నేను వదలాలి, అప్పుడు లాగాలి. ఎందాకా లాగాలో పట్టీ మీద పెన్నుతో గీత గీశావు. తాతయ్య చేతులు కట్టుకుని స్కూలు పిల్లాడిలా విన్నాడు.

"జీవితమంతా తెరచాపలకి తాళ్ళు కట్టినవాణ్ణి, నాకు ఇదో పనా?" అన్నాడు.

"తెరచాపకి నొప్పెయ్యదు నాన్నా, దీనికేస్తుంది. అయినా జాలిపడకు, గీత దాకా లాగు," అన్నావు నువ్వు.

ఆ రోజు నుంచీ తాతయ్య ఒక్క పొద్దు కూడా మానలేదు. టీ కెటిల్ పొయ్యి మీద పెట్టకముందే నా గది తలుపు తట్టేవాడు. మోకాళ్ళ నొప్పుల్లో కూడా వంగి కింద పట్టీ దాకా సరిచూసేవాడు. అది ముందు చెప్తున్నాను. మిగతాది చదివేటప్పుడు ఇది మర్చిపోకు.

స్కూల్లో ఎలా ఉంటుందో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. నా నేస్తం జెనీన్ నన్ను తాబేలు అంటుంది. అది ముద్దుగానే అంటుందిలే. బస్సులో వెనక సీటు కుర్రాళ్ళు మాత్రం రోజూ నా వీపు మీద తలుపు కొట్టినట్టు కొట్టి, "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అంటారు. ప్లాస్టిక్ కదా, టక టకమని చప్పుడొస్తుంది. "ఎవరూ లేరు, రేపు రండి," అనేదాన్ని నేను. బస్సంతా నవ్వేది. నేనే నవ్వించాను కదా అని సర్దుకునేదాన్ని. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు.

చర్చి పక్కన పాత బట్టల కొట్టులో ఏప్రిల్లో ఒక కార్సెట్, పాతకాలం ఆడవాళ్ళు నడుం బిగించుకునే తొడుగు, చూశాను. ఏదో నాటకం వాళ్ళు ఇచ్చేసి పోయిందట. ముందు భాగమంతా సన్న సన్న పట్టీలు నిలబెట్టి కుట్టారు, వెనక రెండు వరసల రింగుల్లోంచి బూట్లకి కట్టినట్టు తాడు. వేసుకుని చూశాను. అమ్మా, అది నడుముని పట్టి నిలబెట్టింది, అచ్చం బ్రేస్ లాగే. కానీ గుడ్డ! తడితే చప్పుడు రాదు. యూనిఫాం కింద వేసుకుంటే ఎవరికీ తెలియదు. అది నాకు సరిపోలేదు, చంకల కింద కోసుకుపోయింది. అందుకని కొట్టు ఆవిడ అటు తిరగ్గానే గోధుమ రంగు కాగితం వేసి ఒక్కో ముక్కనీ గీసుకున్నాను. సొంతంగా కుట్టుకుంటే సరిగ్గా నా ఒంటికే కుట్టుకోవచ్చు అనుకున్నాను.

గుడ్డ తాతయ్య తెరచాపల షెడ్డులో మిగిలిన కాన్వాస్ ముక్క. లోపల నిలబెట్టే పట్టీలకి, ఆపిల్ పెట్టెలకి బిగించే ఉక్కు పట్టీ కత్తిరించి, చివరలు ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, గుచ్చుకోకుండా టేపు చుట్టాను. నీ మిషను మీదే కుట్టాను, రెండు సూదులు విరిగాయి, కొత్తవి కొనిపెట్టాను. అంతా బాగానే వచ్చింది, రింగుల దగ్గర చెడింది. కొట్టులో దొరికే పల్చటి రింగులు కొన్నాను, కింద వాషర్ లేనివి. తాడు బిగించి గట్టిగా లాగానో లేదో, బొత్తాలు ఊడినట్టు టపటపా ఊడొచ్చాయి. నేల మీద కూర్చుని వాటిని ఏరుకుంటుంటే తాతయ్య వచ్చాడు.

"ఏమిటే ఇది? తెరచాపకి నడుమొచ్చిందేమిటి?"

నా నోటికి ఏదొస్తే అది చెప్పాను. "స్కూల్లో నాటకం తాతయ్యా. గవర్నరుగారి భార్య వేషం నాది."

"అబ్బో! మరి గవర్నరమ్మగారు రాత్రి గిన్నెలు తోమారా?"

"గవర్నరమ్మగారి తాతగారే తోముకుంటారట."

పగలబడి నవ్వాడమ్మా. నవ్వుతూనే ముక్కుపొడి డబ్బా అంత డబ్బా ఒకటి తీశాడు. నిండా ఇత్తడి రింగులు, పడవ తెరచాపలకి వేసేవి, ఒక్కొక్కదానికీ కింద వాషర్ జత. "ఇటు చూడు. కత్తెరతో కన్నం కొయ్యకూడదు. కోస్తే పోగులు తెగుతాయి, తెగిన పోగు దేన్నీ పట్టుకోదు," అని చెక్క దబ్బనం గుచ్చి, మెల్లగా తిప్పుతూ, పోగుల్ని పక్కకి జరిపి కన్నం చేశాడు. రింగు కంటే చిన్న కన్నం. అందులోకి రింగుని నొక్కి, వెనక వాషర్ పెట్టి, చెక్క మొద్దు మీద పంచ్ ఆనించి ఒకే ఒక్క దెబ్బ. "ఇప్పుడు లాగు. నువ్వు తెగుతావు కానీ ఇది ఊడదు." మిగతావన్నీ నా చేత వేయించాడు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు. "నాటకం ఎప్పుడో చెప్పు, నా మంచి కోటు తీసి ఎండలో వేస్తాను," అన్నాడు.

ఆ తర్వాత ఏం చేశానో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పొద్దున తాతయ్య బ్రేస్ కట్టేవాడు. బస్ స్టాప్ వెనక మూతపడిన ఆపిల్ షెడ్డు ఉంది కదా, అక్కడికెళ్ళి బ్రేస్ విప్పేసి, ఖాళీ పెట్టెల కింద దాచి, కార్సెట్ వేసుకునేదాన్ని. తాడు గోడ మేకుకి తగిలించి ముందుకు నడిస్తే బిగిసిపోయేది. సాయంత్రం మళ్ళీ బ్రేస్. నా అంతట నేను కట్టుకునేదాన్ని కాబట్టి వదులుగా ఉండేది.

"పట్టీ జారిందేమే?" అనేవాడు తాతయ్య ఇంటికి రాగానే.

"రోజంతా బస్సూ బెంచీనూ తాతయ్యా, జారదా మరి?" అనేదాన్ని.

బస్సులో కుర్రాళ్ళు ఒకసారి కొట్టి చూశారు, చప్పుడు రాలేదు, మానేశారు. నేను అమ్మాయిల మధ్య మామూలు అమ్మాయిలా కూర్చున్నాను. అది ఎంత బాగుందో నీకు చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది. అది కూడా నిటారుగానే పట్టుకుంటోంది కదా, బ్రేసూ ఇదీ ఒకటే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. స్కూలుకి బ్రేస్ ఎలాగూ లేదు. సెలవు రోజుల్లో కూడా, చెరువు గట్టుకో జెనీన్ ఇంటికో పోతూ విప్పేసేదాన్ని.

కార్సెట్‌కి వెనక రెండు రింగుల వరసల మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. సరిగ్గా కుట్టింది సరిగ్గా బిగిస్తే ఆ ఖాళీ పైనించి కిందికి ఒకే వెడల్పులో, రైలు పట్టాల్లా ఉండాలి. మొదట్లో నాదీ అలాగే ఉండేది. జూన్‌లో ఒకరోజు నీ గదిలో రెండద్దాలు పెట్టి చూసుకుంటే పట్టాలు వంకరపోయాయి. పైన దగ్గరగా, కింద దూరంగా. కుట్టు తప్పనుకున్నాను. బ్రేస్ తీసే స్నానం వేళ చూసి, చొక్కా మీద కార్సెట్ వేసుకుని తాతయ్య దగ్గరికెళ్ళాను.

తాతయ్య అద్దాలు పైకి తోసుకుని చూశాడు. "గుడ్డ సాగిందే. కుడిపక్క లాగేసింది. పాత కాన్వాస్ కదా, నా తప్పే, కొత్తదివ్వాల్సింది."

"నా వీపు వల్ల కాదు కదా?"

"నీ వీపుకేం? బ్రేస్ చూసుకోవట్లేదూ? ఇది గుడ్డ జబ్బు," అని సుద్దముక్కతో నా ఒంటి మీదే గుర్తులు పెట్టి, నేల మీద పరిచి, కుట్లు విప్పి, ఒకవైపు ముక్క తగ్గించి ఇంకోవైపు చీలిక అతికించాడు. గోధుమ రంగు మైనం దారంతో చేత్తో కుట్టాడు. కుడుతూ చెప్పాడు: "పడవలో ఏ తెరచాప స్తంభమూ పూర్తి నిటారుగా ఉండదే. కొంచెం వంగే ఉంటుంది. మంచి తెరచాపంటే ఆ వంపుకి తగ్గట్టు కోసింది. వేశాక వంపు కళ్ళకి కనపడకూడదు."

నిజంగానే కనపడలేదు. అంత బాగా కోశాడు.

ఆగస్టు చివర్లో మళ్ళీ వంకరపోయింది. అప్పటికి చొక్కా ఒక భుజం మీంచి జారుతోంది. స్కర్టు అంచు ఒకవైపు పైకి లేస్తోంది. కార్సెట్లో ఒక ఉక్కు పట్టీ భుజపు ఎముక కింద ఒరుసుకుని పుండు పడింది. ఇది రాయడం కష్టంగా ఉందమ్మా. రాస్తున్నాను. మొదట నేను గీసుకున్న కాగితం ముక్కలు తీసి ఆపిల్ షెడ్డులో కార్సెట్ పక్కన పరిచాను. ఎడమ ముక్కలు కాగితం దాటిపోయాయి. కుడి ముక్కలు కాగితానికి చాల్లేదు. గుడ్డ అలా సాగదు. సాగితే రెండువైపులా సాగుతుంది. వంగింది నేను.

తెలిసింది కదా. తెలిశాక కూడా ఇంటికెళ్ళి, "తాతయ్యా, గుడ్డ మళ్ళీ సాగింది," అన్నాను. ఆయన పాపం మళ్ళీ నేల మీద కూర్చుని, నల్ల దారంతో, ఇంకా అందంగా కుట్టిపెట్టాడు. నాకు భయమేసింది. చెప్తే నువ్వు పడవ దిగి వచ్చేస్తావని భయం, బస్సులో మళ్ళీ ఆ టకటక అని భయం, అన్నిటికన్నా ఎంత వంగిందో ఎవరైనా నోటితో చెప్తే అది నిజమైపోతుందని భయం. కార్సెట్ బిగించి అద్దంలో చూసుకుంటే పట్టాలు నిటారుగా ఉండేవి. అవే చూసుకున్నాను.

పోయిన మంగళవారం హోబర్ట్ తీసుకెళ్ళాడు తాతయ్య. ఎక్స్‌రే తీశారు. డాక్టరు రెండు ఫిల్ములూ పక్కపక్కన లైటు మీద పెట్టాడు. పాతదాంట్లో నా వెన్ను కొంచెం ఒరిగిన గడ్డిపరకలా ఉంది. కొత్తది నేను చూడలేదు, బల్ల మీద పేపర్ వెయిట్‌ని చూశాను.

"బ్రేస్ రోజంతా వేసుకుంటోందా?"

"వేసుకుంటోంది సార్. పొద్దున్నే నేనే కడతాను. వాళ్ళమ్మ గీసిన గీత దాకా," అన్నాడు తాతయ్య. ఆ మాటన్నప్పుడు కొంచెం నిటారుగా కూర్చున్నాడు కూడా.

డాక్టరు నా వైపు చూశాడు. "అంతేనా అమ్మాయ్?"

తల ఊపాను. నోటితో కూడా కాదమ్మా, తలతో.

"ఇంత శ్రద్ధగా వేసుకున్నా ఆగలేదంటే ఇది బ్రేస్‌కి లొంగే రకం కాదు," అన్నాడు. మెల్‌బోర్న్‌లో ఆపరేషను, వెన్నుకి ఇనుప కడ్డీలు. నీకు కాగితం పంపిస్తామన్నారు.

బయటికొచ్చి బండిలో కూర్చున్నాక తాతయ్య ఇంజను తిప్పలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి వాటినే చూస్తున్నాడు. "సాయంత్రానికల్లా పట్టీలు జారిపోయేవి. రోజూ చూశాను. నేను గట్టిగా కట్టలేదే తల్లీ. ఈ చేతుల్లో బలం లేదు. మీ అమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నేను, "ఇంటికెళ్దాం తాతయ్యా, చలిగా ఉంది," అన్నాను. అంతే అన్నాను.

ఆ రోజు నుంచీ సరిగ్గా తినట్లేదు. బ్రేస్ పట్టీలు విప్పేసి, తెరచాప అంచులకి వేసే మందపాటి నాడాతో కొత్తవి కుడుతున్నాడు. సూది మాటిమాటికీ వేలికి గుచ్చుకుంటోంది. ఇప్పుడు కూడా, నేనిది రాస్తుంటే, తెరచాపల షెడ్డులోంచి ఆయన దగ్గు వినిపిస్తోంది. నేను నీకు చెప్పి తాతయ్యకి చెప్పకపోతే అది ఇంకో దొంగతనం. ఉత్తరం ఇక్కడ ఆపి వెళ్తున్నాను. వెళ్ళకపోతే ఈ కాగితం నీకు చేరదు.

సోమవారం పొద్దున.

చెప్పానమ్మా.

కార్సెట్ చేత్తో పట్టుకునే వెళ్ళాను. తాతయ్య తలెత్తి, "మళ్ళీ సాగిందా? ఇటియ్యి," అన్నాడు.

"తాతయ్యా, నాటకం లేదు."

"రద్దు చేశారా?"

"ఎప్పుడూ లేదు."

సూది నాడాలో గుచ్చి పక్కన పెట్టాడు. మొత్తం చెప్పాను. ఎక్కువసేపు పట్టలేదు. నేలనే చూస్తూ చెప్పాను.

"మరి స్కూలు వేళల్లో బ్రేస్ ఎక్కడుండేది?"

"బస్ స్టాప్ వెనక షెడ్డులో. పెట్టెల కింద."

"రోజూనా?"

"రోజూ."

తాతయ్య కార్సెట్ తీసుకుని బల్ల మీద పరిచి, నడిమికి మడిచి, ఒక సగం మీద ఇంకో సగం వేశాడు. అంచులు కలవలేదు. కలవకుండా బయటికి వచ్చిన ఆ చీలిక మీద బొటనవేలితో పైనించి కిందికి రాశాడు. "గుడ్డ సాగలేదన్నమాట," అన్నాడు. "ఇదంతా నేను కోసిచ్చిందే."

"నీకు తెలియదు కదా తాతయ్యా. నాకు తెలుసు."

అప్పుడొచ్చింది కోపం. నా మీద ఆయన అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. "ఇన్ని రోజులూ నా చేతుల్ని తిట్టుకున్నానే! పక్కనే కూర్చుని టీ తాగావు! బిస్కెట్టు ముంచుకుని తిన్నావు!" స్ప్రాట్‌గాడు బల్ల కిందికి దూరిపోయాడు. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఆపేస్తాడని తెలుసు. ఆపకూడదనిపించింది.

అరిచి అరిచి కూర్చున్నాడు. నేను, "పొయ్యిలో పడేస్తాను తాతయ్యా," అని కార్సెట్ తీసుకోబోయాను. చెయ్యి వేసి పట్టుకున్నాడు.

"వద్దు. ఇది డాక్టరు చూడాలి. ఈ తెల్లదారం నువ్వు కుట్టింది, ఏప్రిల్. గోధుమ రంగు జూన్. నల్లది ఆగస్టు. ఎప్పుడు ఎంత వంగావో ఇందులో ఉంది. బ్రేస్ చెయ్యలేక కాదు, దాన్ని చెయ్యనివ్వలేదని ఆయనకి తెలియాలి. బుధవారం ఇద్దరం వెళ్తున్నాం. చెప్పేది నువ్వు. నేను పక్కన కూర్చుంటాను, నోరు విప్పను."

ఇప్పుడైనా బ్రేస్ పనికొస్తుందో లేదో తెలియదు. ఆలస్యమైపోయిందనే డాక్టరు అనచ్చు. ఆపరేషనే చెయ్యాలనచ్చు. అంటే చేయించుకుంటాను. కానీ నా అబద్ధాన్ని నమ్మి రాసిన కాగితం మీద నువ్వు సంతకం పెట్టకూడదు. నువ్వు వాళ్ళకి ఫోన్ చేసే రేవు ఎప్పుడొస్తుందో, అప్పటిదాకా ఆ కాగితం మడిచి పెట్టు. మార్చిలో నువ్వు, పాత ఎక్స్‌రేలో ఉన్న ఆ గడ్డిపరకని నాకిచ్చి వెళ్ళావు. నేను సరిగ్గా చూసుకోలేదు. క్షమించమని అడగాలని ఉంది, కానీ ఉత్తరంలో అడిగితే నువ్వు ఏ మొహంతో చదువుతున్నావో నాకు కనపడదు. వచ్చాక అడుగుతాను.

రొయ్యల సీజను అయ్యేదాకా ఆగి వస్తే చాలని రాద్దామనుకున్నాను. రాయను. వీలైతే ముందే రా అమ్మా.

ఇవాళ పొద్దున కెటిల్ పెట్టకముందే తాతయ్య తలుపు తట్టాడు. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడట్లేదు. గోడవైపు తిరిగి నిలబడ్డాను. "ఊపిరి వదులు," అన్నాడు. వదిలాను. కొత్త పట్టీలు అస్సలు జారవు, నాలుగు వరసల కుట్టు వేశాడు. లాగుతూ లాగుతూ ఆగిపోయాడు. ఎందుకాగాడా అని మెడ తిప్పి చూశాను. కొత్త నాడా మీద గీత లేదు.

పెన్ను తెచ్చిస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. "అది మీ అమ్మ వచ్చి గీస్తుంది," అన్నాడు. అప్పటిదాకా అంచనాగా కడతాడట. నొప్పెడితే చెప్పమన్నాడు, నిజం చెప్పమన్నాడు.

నొప్పెడుతోందని చెప్పాను. అయినా వదులు చెయ్యలేదు.

బస్సుకి టైమైంది. ఇవాళ ఆపిల్ షెడ్డు వైపు వెళ్ళను. వెనక సీటువాళ్ళు కొడితే కొట్టనీ.

ఇట్లు,
గీత కోసం ఎదురుచూస్తున్న నీ కూతురు,
లియోనీ